అద్దం తుడవని కారులో పాలమూరుకు

నల్లగొండ నుంచి పాలమూరుకు ఇప్పుడు రోడ్డు నున్నగా ఉందట. పొద్దున చాయ్ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చునట. చెప్పేవాళ్ళు చెప్పనీ, నాకు మాత్రం అది రెండు రోజుల దారే. నేను పోయింది యుద్ధం నడుస్తున్న కాలంలో. పెట్రోలు చీటీ మీద దొరికేది. బస్సులు బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో నడిచేవి, ఎత్తు వస్తే జనాన్ని దిగి నెట్టమనేవి. అటువంటి రోజుల్లో నేనూ మా అవ్వా కారులో పోయాం. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. అటు ఎన్నడూ పోనివారికి ఆ దారి గురించి, ఆ మనుషుల గురించి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. కారు వైపర్ల గురించి కూడా చెప్పక తప్పదు. ఆ రెండు రోజులూ మాకు వాటి ధ్యాసే.

తంతి

మా అవ్వకు ఒక్కతే చెల్లెలు. ఆమెను మేము చిన్నవ్వ అనేవాళ్ళం. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. పాలమూరులో మరిది కొడుకు దగ్గర ఉండేది. భాద్రపదంలో ఒకరోజు అతని దగ్గర నుంచి తంతి వచ్చింది. చిన్నవ్వకు ఆపరేషన్ అయింది, కాని దవాఖానవాళ్ళ చేతి నీళ్ళు కూడా తాగడం లేదు, వెంటనే రావాలి అని దాని సారాంశం.

మిగిలింది మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అక్కడి నర్సులు కిరస్తానీ పిల్లలు. చిన్నవ్వ మడి మా చుట్టాలందరిలో పేరుపడ్డ మడి. పెళ్ళిళ్ళలో కూడా తన చెంబు, తన చేద, తన పొయ్యి వేరే. జనానా వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు. ఆ ఇంటి కోడలేమో అప్పుడే ప్రసవమై పురిట్లో ఉంది. కాబట్టి చిన్నవ్వ నోట్లో గుక్కెడు నీళ్ళు పొయ్యగలిగింది మా అవ్వ ఒక్కతే.

"అది మొండిది. నేను పోకుంటే అట్లనే పండుకొని పానం ఇడుస్తది," అన్నది అవ్వ. అంటూనే బియ్యం కడుగుతున్న చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

మా పక్కింటి వకీలు సాబు మంచివాడు. కారూ ఇచ్చాడు, డ్రైవరు ఖాజామియానూ ఇచ్చాడు. ఆ కారు అంతకుముందు ఒక నవాబు ఇంట్లో ఉండేది. వెనక కిటికీలకు ఆకుపచ్చ పరదాలు ఇంకా వేలాడుతున్నాయి. అవ్వ ఎక్కగానే వాటిని ముడివేసి పైకి తోసింది.

"నేనేమన్న బేగంనా? నాకు గాలాడది," అన్నది.

కాళ్ళ దగ్గర ఒక గంప పెట్టుకుంది. తడిపి ఆరేసిన బట్ట కప్పి, అందులో అటుకులు, సత్తుపిండి, చెల్లెలికి ఇష్టమైన నిమ్మకాయ తొక్కు పెట్టింది. దాన్ని నేను కూడా ముట్టుకోకూడదు. అప్పుడు నా వయసు ఇరవై నాలుగు, నల్లగొండ బడిలో పంతులును. ఇంట్లో నా విలువ ఆ గంపకంటే కొంచెం తక్కువే ఉండేది.

దేవరకొండ దాకా తాడు సాయం

ఊరు దాటిన గంటకు వాన మొదలైంది. ఖాజామియా వైపర్ల మీట తిప్పాడు. అవి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి అద్దం నడుమ నిలిచిపోయాయి. అతను దిగి, అద్దం పైనున్న చిన్న రేకు డబ్బాను అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. కదలలేదు. పల్లం వచ్చినప్పుడు వాటంతట అవే నాలుగుసార్లు ఊగాయి. మళ్ళీ ఎత్తు రాగానే పడుకున్నాయి.

"మోటరు కాలిపోయింది పంతులూ," అన్నాడు. మైదాకుతో ఎర్రబడ్డ గడ్డం తడిసి నీళ్ళు కారుతున్నాయి. మోటరుకు తీగ ఎక్కడిదని చాలాసేపు వెతికాడు. తీగ లేనే లేదు, ఒక రబ్బరు గొట్టం మాత్రం డబ్బా నుంచి ఇంజను వైపు పోయింది. తీగ లేని మోటరు కాబట్టే కాలిపోయిందని తేల్చాడు.

పొగాకు రుద్దితే అద్దం మీద నీళ్ళు నిలవవని ఎవరో చెప్పారట. తన దగ్గరున్న ఆకంతా నలిపి రుద్దాడు. నీళ్ళు బాగానే నిలిచాయి, పైగా అద్దం చాయ్ రంగుకు తిరిగింది. చివరికి సన్న తాడు రెండు ముక్కలు చేసి వైపర్లకు కట్టాడు. ఒక కొస తన కిటికీలోంచి లోపలికి, ఇంకొకటి నా కిటికీలోంచి. అతను గుంజితే అటు, నేను గుంజితే ఇటు. వెనక నుంచి అవ్వ, "మజ్జిగ చిలుకుడు నేర్చుకున్నరు," అని నవ్వింది. దేవరకొండ చేరేసరికి నా చొక్కా భుజం దాకా తడిసి, చెయ్యి నాది కానట్టయింది.

ఆ పూట మా బాపుకు తెలిసిన ఒక రెవెన్యూ గిర్దావరు ఇంట్లో ఆగాం. మా దగ్గర వచ్చినవారికి ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు. అక్కడ ముందు బెల్లం ముక్క చేతిలో పెట్టి, తర్వాత నీళ్ళిచ్చారు. జొన్నరొట్టెలోకి పుంటికూర, అదే గోంగూర, మీద వెల్లుల్లి కారం. అటువంటి పుంటికూర నేను మళ్ళీ తినలేదు. అవ్వ మాత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని తన అన్నం తానే వండుకుని, నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసింది.

"అది నీళ్ళు లేకుండ ఉంటే నాకు ముద్ద దిగుతలేదు," అన్నది.

డిండి దాటినాక

తెల్లవారగానే బయల్దేరాం. దవాఖాన గేటు పొద్దు గూకే వేళకు వేస్తారని గిర్దావరు చెప్పాడు. ఆ గేటు వేసేలోపు చేరాలి. లేకపోతే చిన్నవ్వకు ఇంకో రాత్రి. తంతి వచ్చింది నిన్న. అంతకుముందు ఎన్ని రోజుల నుంచి తాగడం లేదో మాకు తెలియదు.

డిండి వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా గంటన్నర ఆగవలసి వచ్చింది. అక్కడ ఒక ముసలమ్మ గొడుగు కింద కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాలుస్తోంది. అణాకు ఆరు. మా దగ్గర ఎనిమిది వస్తాయని నేను బేరమాడాను. "గట్లయితే మీ దగ్గరికి పోయి తిను బిడ్డా, వాగు దాటేదాంక నేనీడనే ఉంట," అన్నది. ఆరే తీసుకున్నాను.

వాగు దాటాక కురిసిన వాన వాన కాదు. నేను గుంజాల్సినప్పుడు ఖాజామియా గుంజాడు, అతను గుంజాల్సినప్పుడు నేను గుంజాను. నా వైపు తాడు పుటుక్కున తెగింది. కన్ను మూసి తెరిచేలోగా కారు ముందు చక్రం పక్కనున్న కాలువలో ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గంపను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

చేలలో పనిచేస్తున్నవాళ్ళు ఆరేడుగురు వచ్చి కారును ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఖాజామియా మళ్ళీ ఆ రేకు డబ్బాను కొట్టడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు గాని ఒకాయన మిగిలాడు. నలభై ఐదేళ్ళుంటాయి. భుజాన, బావి నీళ్ళు తోడే మోటకు కట్టే కొత్త తోలు తొండం ఉంది, సంచిలో తోలు కుట్టే ఆరె, తోలు కోసే రంపె ఉన్నాయి.

"సాబూ, దాన్ని కొడితే ఏమొస్తది? దాని తాన దమ్ము లేదు," అన్నాడు.

"నీకేమెరుక?" అన్నాడు ఖాజామియా.

"నేను మాదిగోల్ల ఎల్లయ్యను. నాలుగూర్ల కొలుములకు తిత్తులు కుట్టేది నేనే. గాలి సంగతి నాకు జర ఎరుక." గొట్టాన్ని వేలితో చూపాడు. "గిది ఏడికి పోతాంది?"

"ఇంజనుకు."

"ఇంజను దీంట్లకు ఊదుతాందా, గుంజుతాందా?"

ఖాజామియా పదిహేనేళ్ళు కారు తోలినవాడు. నేను బడిలో పిల్లలకు గాలి ఒత్తిడి పాఠం చెప్పేవాణ్ణి, అదీ ఉర్దూలో, బొమ్మ గీసి మరీ. మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

ఎల్లయ్య కారు మీద చెయ్యి వేయబోయి ఆగి, అవ్వ వైపు చూశాడు. అవ్వ మొహం అటు తిప్పుకుని, "కారు నాది కాదు. గంప ఒక్కటే నాది," అన్నది.

ఇంజను మూత ఎత్తి, స్టార్టు చెయ్యమన్నాడు. ఆ మూత చాటున చుట్ట ముట్టించి, గొట్టం పొడవునా కొస నుంచి మెల్లగా పొగ వదులుకుంటూ వచ్చాడు. పొగ మామూలుగా పైకి పోతోంది. ఒకచోట మాత్రం చటుక్కున వంగి గొట్టంలోకి దూరింది. అక్కడ వెంట్రుక మందాన పగులు ఉంది.

"గుంజుతాంది. కాని గీడనే తాగుతాంది, మీద దాంక దమ్ము పోతలేదు. తిత్తిని తిరగేసినట్టున్నది గీ పని."

నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పాఠంలో ఉన్నది కళ్ళముందు కనపడితే పంతులుకు కలిగే సంతోషం అది. వెంటనే సిగ్గు కూడా కలిగింది.

యుద్ధం రోజుల్లో రబ్బరు గొట్టం హైదరాబాదులోనే దొరకదు. ఎల్లయ్య సన్నటి మేకతోలు పట్టీని నీళ్ళలో నానబెట్టి పగులు మీద బిగించి చుట్టాడు. ఇంజను వేడికి అది ఎండి ఇంకా బిగుస్తుందన్నాడు. తర్వాత మరలు విప్పే పేచ్‌కస్ అడిగి తీసుకుని రేకు డబ్బా విప్పాడు. లోపల తలుపు రెక్కలాంటిది ఒకటి ఉంది. దాని అంచున ఉన్న తోలు ఎండి అప్పడమైంది, ముట్టుకుంటే పొడిగా రాలింది. రెక్క పక్కల నుంచి గాలి పోతుంటే అది ఎట్లా ఊగుతుంది? కొత్త తోలు కోసి, సంచిలోని సీసా నుంచి ఆముదం పట్టించి, అంచుకు కూర్చాడు. తోలుకు ఆముదం పట్టించడం మా జిల్లాల్లో అందరూ చేసే పనే. మోటరుకు పట్టించడం మాత్రం అదే చూడడం.

వైపర్లు కదిలాయి. రెండూ కలిసి, టకటకమని. ఖాజామియా అద్దానికి సలాం చేశాడు.

ఊరి పేరు రాయను

ఆ సంబరం ఒక ఫర్లాంగు నిలిచింది. కొద్దిపాటి ఎత్తు రాగానే వైపర్లు మళ్ళీ ఆగాయి. కారు వెంట ఉరుకుతూ వచ్చిన ఎల్లయ్య రొప్పుతూ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఎత్తెక్కేటప్పుడు ఏమైతాందో కూసొని చూడాలె. ఊరు దాటినంక పెద్ద ఎత్తున్నది, అక్కడ తెలుస్తది. మీరు పోయి అక్కడ ఆగుండ్రి, నేను నడిచి వస్త."

"ఎంత దూరం?" అని అడిగాను.

"రెండు మైళ్ళు."

"కార్లనే రావచ్చు గద," అన్నాడు ఖాజామియా.

ఎల్లయ్య తల అడ్డంగా ఊపాడు. "ఊరి నడుమ దొర గడి ఉన్నది. గడి ముంగటికెల్లి మేము బండెక్కి పోవద్దు. చెప్పులు సుత చేతవట్టుకొని నడువాలె. చూసిండ్రంటే ఈపు పలుగుతది."

ఆ ఊరి పేరు రాయను. ఆ దొర మనుమలు నాకు తెలిసినవాళ్ళు, మంచివాళ్ళు కూడా.

అవ్వ ఆకాశం వైపు చూసింది. పొద్దు ఎక్కడుందో మబ్బులో తెలియడం లేదు. అతను నడిచి వచ్చేదాకా ఆగితే గంట పోతుంది. ఆగకుండా పోతే ఆ ఎత్తు మీద ఇంకో కాలువ ఉంటుంది. పెద్దవాళ్ళు ఏదో ఒకటి తేలుస్తారులే అని చూస్తూ కూర్చోవడం నాకు అప్పటికి అలవాటే.

అవ్వ లేచి, ముందురోజు తాను వేసిన పరదా ముళ్ళు ఒక్కొక్కటే విప్పింది. తలుపు తెరిచి, "వచ్చి ఈడ కూసో," అన్నది.

"అమ్మా, నేను మాదిగోన్ని అని చెప్పిన గద."

"చెవుడు లేదు నాకు, విన్న. కింద కూసోకు, గంప తగులుతది. పైన కూసో. నన్ను ముడితే నేను ఏ బావిలనో మునుగుత, గంప మునుగది."

ఎల్లయ్య సీటు కొసన, రెండు చేతులూ మోకాళ్ళ నడుమ పెట్టుకుని కూర్చున్నాడు. పరదాలు పడ్డాయి. కోటలాంటి ఆ గడి ముందు దొర మనుషులిద్దరు కర్రలు పట్టుకుని రోడ్డుకు అడ్డం వచ్చారు. ఖాజామియా గడ్డం ఎత్తి, నవాబు డ్రైవరు గొంతుతో ఒక్కటే మాట అన్నాడు.

"జనానా."

ఇద్దరూ వెనక్కి జరిగి, మొహాలు గోడవైపు తిప్పుకున్నారు. పరదా ఉన్న బండిలోకి చూడడం పెద్ద తప్పు కదా. వాళ్ళ మర్యాదే ఆ పూట మమ్మల్ని దాటించింది. పరదా వెనక నుంచి అవ్వ గొంతు సన్నగా వినిపించింది.

"పిల్లలెంతమంది నీకు?"

"ఆరుగురమ్మా. ఇద్దరు పోయిండ్రు."

"నాకు ముగ్గురు పోయిండ్రు," అన్నది అవ్వ. ఆ సంగతి నాకే ఎన్నడూ చెప్పలేదు.

ఊరు దాటాక నేను వెనక్కి, ఎల్లయ్య ముందుకు మారాం. ఎత్తు మొదలైంది. అతను ఒక చెయ్యి కిటికీలోంచి చాచి డబ్బా మీద వేసి, చూపు మాత్రం ఖాజామియా కాలి మీద పెట్టాడు. అద్దం మసకేసిన కొద్దీ ఖాజామియా ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు, తొందరగా వాన దాటిపోవాలని.

"సాబూ, నువ్వు తొక్కినప్పుడల్ల అది ఆగుతాంది. జర కాలు తియ్యి."

కాలు తీశాడు. వైపర్లు రెండుసార్లు ఊగాయి. తొక్కాడు, ఆగాయి. తీశాడు, ఊగాయి.

"ఎత్తెక్కేటప్పుడు ఇంజను దమ్ము దానికే సాలది. దీనికేడికెల్లి ఇస్తది? నువ్వే నడుమ నడుమ ఇడువాలె." కారు ఆపించి, రెక్కకు వేసిన తోలు ఇంకా బిగుతుగా ఉందని రంపెతో పక్కలు కొద్దిగా చెక్కి మళ్ళీ బిగించాడు. అంతే, తర్వాత ఎక్కడా మొరాయించలేదు.

ఎత్తు మీద దిగాడు. నేను ఇచ్చిన కూలి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "దవాఖానల ఎవలున్నరమ్మా?" అని అవ్వను అడిగాడు. "చెల్లె," అన్నది. "మంచిగైతది," అని తొండం భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. గడి ముందర చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తాడని నాకు తెలుసు. ఆ సంగతి గురించి అతనితో ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆ దారి తలుచుకున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది అదే, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కల్వకుర్తి, జడ్చర్ల

కల్వకుర్తిలో సంత జరుగుతోంది. పల్లికాయలు కుప్పలు పోసి ఉన్నాయి, కొనకుండానే దోసెడు తినమంటారు. మా నల్లగొండలో రుచి చూడ్డానికి ఒకటి ఇస్తారు, అదీ ఒలిచి. రోడ్డు పక్కనే మెట్లబావి కనబడితే, "మునుగుతనంటివి గద, ఆపమందునా?" అని అవ్వను అడిగాను.

"పాలమూరుల చూద్దాం. నడువనీ."

జడ్చర్లలో రైలు గేటు వేశారు. గూడ్సు బండి ఒకటి ముందుకు వెనక్కు జరుగుతూ అరగంట తిన్నది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. జపం చేస్తోందో, రైలును తిడుతోందో తెలియలేదు. అక్కడి నుంచి ఖాజామియా తొక్కుతూ, వదులుతూ, తొక్కుతూ తోలాడు. వైపర్లు వాన చివరి చినుకు దాకా తుడిచాయి.

పాలమూరు దవాఖాన

గేటు ఒక రెక్క అప్పటికే మూసేశారు. మరిది కొడుకు రెండో రెక్క పట్టుకుని కాపలావాడితో వాదిస్తున్నాడు.

"పెద్దమ్మా, తొందరగ రా. పొద్దటి నుంచి కండ్లు తెరుస్తలేదట. తడిబట్టతోని పెదాలు తుడువనిచ్చిందట, గంతే."

వార్డు పక్కనే చేదబావి ఉంది. అవ్వ అక్కడికి పోయి తాడు చేతిలోకి తీసుకుంది. నాకు తెలుసు, తల మీద నాలుగు చేదలు పోసుకుని, తడిబట్టతోనే లోపలికి పోతుంది. కాని ఆమె తాడు పట్టుకుని వార్డు తలుపు వైపు చూసింది. తాడు వదిలేసింది. చేద బావిలో పడిన చప్పుడు విన్నాను. అవ్వ గబగబా లోపలికి నడిచింది.

చిన్నవ్వ మంచం తలుపుకు దగ్గరే. నేను గడప బయట నిలబడ్డాను. నల్లగా, సన్నగా ఉన్న ఒక నర్సు పిల్ల బార్లీ నీళ్ళ కప్పు పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా నిలబడిందో. అవ్వ వంగి, "చెల్లే," అని పిలిచింది. చిన్నవ్వ కళ్ళు తెరిచింది. పెదవులు పగిలి ఉన్నాయి.

"వచ్చినవా అక్కా," అన్నది. కాస్త ఆగి, "మునిగినవా?" అన్నది.

అవ్వ జుట్టూ బట్టా వానకు తడిసే ఉన్నాయి. ఊ అంటే సరిపోయేది, ఎవరూ కాదనరు. నేనైతే ఊ అనేవాణ్ణి.

"లేదు," అన్నది అవ్వ. "మాదిగాయినను పక్కన కూసోవెట్టుకొని వచ్చిన. ఆయన తోలు ఏస్తెనే కారు నీ దాంక వచ్చింది. మునిగే యాళ్ళ లేదు. ఇప్పుడు నా చెయ్యి, గీ పిల్ల చెయ్యి ఒక్కటే. ఎవలి చేతిది తాగుతవో నీ ఇష్టం. తాగుడు మాత్రం తాగాలె."

చిన్నవ్వ పైకప్పు వైపు చూపు తిప్పుకుంది. అవ్వ నర్సు పిల్ల చేతి నుంచి కప్పు తీసుకుంది. కప్పులో నీళ్ళు అంచులు దాటి దుప్పటి మీద చిందాయి. అప్పుడు గమనించాను, అవ్వ చేతులు రెండూ వణుకుతున్నాయి. చిన్నవ్వ ఆ చేతుల వైపు చూసింది.

"మీద పోస్తవు," అన్నది. "గా పిల్లకియ్యి."

అవ్వ కప్పు తిరిగి ఇచ్చి, పక్కకు జరిగింది. ఆ పిల్ల ముందు అవ్వ మొహం చూసింది. తర్వాత చిన్నవ్వ తల కింద చెయ్యి పెట్టి లేపి, కప్పు నోటికి అందించింది. చిన్నవ్వ కళ్ళు మూసుకుని, గొంతు చప్పుడు గడప దాకా వినిపించేట్టు, ఆగకుండా తాగింది.

"ఇంకింత ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.